పేరు మారెను, ఊరు కదలలేదు
‘ఎంవి’ అను కంప్యూటరు ఆజ్ఞ: గుణదోష విమర్శ

1970వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు కేంద్రముగా ఒక క్రొత్త జిల్లా ఏర్పడెను. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాలనుండి కొన్ని తాలూకాలను వేరుచేసి దానిని కూర్చిరి. కర్నూలునుండి వచ్చినది మార్కాపురము, గిద్దలూరు తాలూకాల ప్రాంతము. నల్లమల కొండల చెంతనున్న అర్ధవీడు ఆ ప్రాంతములోనిదే. ముందునాటి రాత్రి కర్నూలు జిల్లాలో నిద్రించిన అర్ధవీడు రైతు మఱునాడు ఒంగోలు జిల్లాలో మేల్కొనెను. 1972లో ఆ జిల్లాకే టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. రైతు మరల ప్రకాశము జిల్లావాడయ్యెను. ఈ రెండు మార్పులలోను అతని చేను గజమైనను కదలలేదు. బావిలో నీరు తొణకలేదు. మొదటిసారి ఊరిని ఒక పట్టికనుండి కొట్టివేసి మఱొక పట్టికలో వ్రాసికొనిరి. రెండవసారి పట్టిక శీర్షికను మార్చిరి. రెండును వ్రాతపనులే.

కంప్యూటరులో ఫైలును ‘తరలించుట’, ‘పేరు మార్చుట’ అను పనులును ఇట్టివే. యూనిక్స్, లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టములలో ఈ రెండు పనులకును ఒకే ఆజ్ఞ కలదు. ఆంగ్లములో ‘మూవ్’ అను పదమును కుదించి దానికి ‘ఎంవి’ అని పేరుపెట్టిరి. అరశతాబ్దము దాటినను వాడుక తగ్గని ఈ ఆజ్ఞ నేడు పాఠశాలల కంప్యూటరు గదులలోనికి కూడ వచ్చినది. సీ-డాక్ సంస్థ భారతీయ భాషలకు అనువుగా సిద్ధపఱచి 2007లో వెలువరించిన ‘బాస్’ అను లినక్స్ కూర్పులోను ఇదియే ఆజ్ఞ. విద్యార్థి దీనిని నేర్చుకొనుటకు ఐదు నిమిషములు చాలును. అయితే ఇది చేయగల హాని ఆ ఐదు నిమిషములలో తెలియదు. కావున దీని గుణమును, దోషమును వేర్వేరుగ పరిశీలించుట అవసరము.

ఆజ్ఞ పుట్టుక

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలగువారు 1969లో యూనిక్స్‌ను ఆరంభించిరి. 1971 నవంబరు 3వ తేదీతో వెలువడిన దాని మొదటి కరదీపికలోనే ‘ఎంవి’ కనబడును. ఆ దినములలో కంప్యూటరుతో మాటలాడుటకు తెర లేదు, టెలిటైపు యంత్రముండెడిది. టెలిటైప్ 33 అను రకము సెకనుకు పది అక్షరములను మాత్రమే కాగితముపై అచ్చొత్తును. ఒక పొడుగాటి హెచ్చరిక వాక్యము అచ్చగుటకు ఐదారు సెకనులు పట్టును. కావున ఆజ్ఞలు రెండక్షరములకు కుదించబడెను. పని సవ్యముగా జరిగినచో యంత్రము ఏమియు పలుకకుండుటయే మర్యాద యని భావించిరి. ఈ ఆజ్ఞయొక్క మౌనము నిర్లక్ష్యమునుండి పుట్టినది కాదు, నాటి యంత్రముల మందగతినుండి పుట్టినది. విమర్శకుడు దీనిని మఱువరాదు. ఐనను టెలిటైపులు మూలపడి చాలకాలమైనది. మౌనము మాత్రము నిలిచియున్నది.

లోపల ఏమి జరుగును?

డైరెక్టరీ అనగా ఫైళ్లను పెట్టు సంచి యని పిల్లలకు చెప్పుట వాడుక. యూనిక్స్ విషయములో ఈ ఉపమానము పొరపాటునకు దారితీయును. డైరెక్టరీ ఒక పట్టిక. అందు ప్రతి వరుసలోను ఒక పేరు, ఆ పేరునకు ఎదురుగా ఒక సంఖ్య యుండును. ఆ సంఖ్యను ‘ఐనోడ్’ సంఖ్య యందురు. ఫైలు పరిమాణమెంత, యజమాని యెవరు, దాని విషయము డిస్కులో ఎచ్చటెచ్చట నున్నది అను వివరములు ఆ సంఖ్యతో గుర్తింపబడు వేఱొక చోట నుండును. ఫైలు పేరు మాత్రము అచ్చట లేదు. అది పట్టికలోనే యున్నది.

‘ఎంవి లెక్కలు గణితము’ అని ఆజ్ఞాపించినచో, పట్టికలో ‘లెక్కలు’ అను పేరు పోయి, అదే సంఖ్య కెదురుగా ‘గణితము’ అను పేరు వచ్చును. ఫైలు చిన్న ఉత్తరమైనను, మూడు గంటల చలనచిత్రమైనను పట్టు కాలము ఇంచుమించు ఒక్కటే. ఊరు చిన్నదైనను పెద్దదైనను జిల్లా పట్టికలో దాని పేరు మార్చుటకు ఒక గీత, ఒక వ్రాత చాలును గదా!

తరగతిలో దీనిని కన్నులార చూపవచ్చును. ‘ఎల్ఎస్ -ఐ’ అను ఆజ్ఞ ప్రతి ఫైలు పేరునకు ముందు దాని ఐనోడ్ సంఖ్యను చూపును. విద్యార్థి మొదట ఆ సంఖ్యను పలకపై వ్రాసికొని, పిదప ఫైలు పేరు మార్చి, మరల సంఖ్యను చూడవలెను. పేరు మారును, సంఖ్య మారదు. అదే డిస్కు భాగములోని వేఱొక డైరెక్టరీలోనికి తరలించి చూచినను సంఖ్య మారదు. ఈ చిన్న ప్రయోగము పది నిర్వచనములకంటె ఎక్కువ బోధించును.

మెచ్చుకొనదగిన గుణము

ఆరంభమున ఈ ఆజ్ఞ రెండంచెలుగా పనిచేసెడిది: క్రొత్త పేరును చేర్చుట, పిదప పాత పేరును తీసివేయుట. క్రొత్త పేరుతో ముందే ఒక ఫైలున్నచో దానిని ముందు తొలగింపవలెను. ఈ అంచెల నడుమ కరెంటు పోయినచో పట్టిక అరకొరగా మిగులును. ఈ లోపమును సవరించుటకు, కాలిఫోర్నియా రాష్ట్రమందలి బర్క్‌లీ విశ్వవిద్యాలయములో రూపొంది 1983లో వెలువడిన 4.2 బిఎస్‌డి అను యూనిక్స్ కూర్పులో ‘రినేమ్’ అను క్రొత్త ఏర్పాటును సిస్టము గర్భములోనే చేర్చిరి. నాటినుండి పేరు మార్పు అవిభాజ్యమైన ఒకే క్రియయైనది. క్రొత్త పేరును ఆ క్షణమున ఎవరు అడిగినను పాత ఫైలైన కనబడును, లేదా క్రొత్త ఫైలైన కనబడును. సగము పాత, సగము క్రొత్త ఎన్నడును కనబడదు.

దీని విలువ గొప్పది. వ్రాతపని చేయు అనేక ప్రోగ్రాములు పత్రమును భద్రపఱచునపుడు మొదట వేఱొక తాత్కాలిక నామముతో పూర్తిగా వ్రాసి, చివర ఒక్క పేరు మార్పుతో పాతదాని స్థానమున క్రొత్తదానిని నిలుపును. నడుమ ఏ అవాంతరము కలిగినను పాత పత్రము మిగిలియుండును. బ్యాంకులు, కార్యాలయములు, జాలకేంద్రములు నిత్యము నమ్ముకొనియున్న అనేక ప్రోగ్రాములు ఈ చిన్న క్రియపై ఆధారపడియున్నవి.

మొదటి దోషము: మార్కాపురపు పలక

అయితే పై గుణములోనే మొదటి దోషమును దాగియున్నది. క్రొత్త పేరుతో ముందే ఒక ఫైలున్నచో ‘ఎంవి’ దానిని అడుగకయే తుడిచివేయును. మార్కాపురము పలకలకు పేరుగన్న ఊరు. ఆ పలకపై క్రొత్త లెక్క వేయవలెనన్న పాత లెక్కను తుడువవలెను, పలక ‘తుడువనా?’ యని అడుగదు. ఐనను పలకపై తుడుచువాడు తాను తుడుచుచున్న దానిని చూచుచుండును. ‘ఎంవి’ ఆజ్ఞ నిచ్చువానికి ఆ భాగ్యము లేదు. వాడు చూడనిది తుడిచిపోవును. చెత్తబుట్టలోనికి పోయి కొంతకాలము నిలుచుట కూడ లేదు.

ప్రోగ్రామునకు ఈ నిశ్శబ్ద మార్పిడి అవసరమే. దానికి తానేమి చేయుచున్నదో ముందే నిర్ణయమై యున్నది. ప్రశ్న వేసినచో బదులు చెప్పుటకు ఎదుట మనుష్యుడుండడు. కాని మీటలపై చేయి వేసిన మనుష్యునికి మఱపు కలదు, తొందర కలదు, ఒకే పేరును రెండుమార్లు పెట్టు అలవాటు కలదు. యంత్రమునకు తగిన మర్యాదనే మనుష్యునికిని పంచిపెట్టుట ఈ ఆజ్ఞలోని మూలదోషము. 1981నాటి డాస్ అను సిస్టములోని ‘రెన్’ ఆజ్ఞ ఈ విషయములో మేలు: ఆ పేరు ముందే యున్నచో అది పని చేయుటకు నిరాకరించును.

రెండవ దోషము: ఒకే మాటకు రెండర్థములు

‘ఎంవి తెలుగు నిల్వ’ అను ఆజ్ఞకు అర్థమేమి? ‘నిల్వ’ అను డైరెక్టరీ యున్నచో ‘తెలుగు’ అను ఫైలు అందులోనికి తరలును. అట్టి డైరెక్టరీ లేనిచో ‘తెలుగు’ అను ఫైలునకే ‘నిల్వ’ అను పేరు వచ్చును. వాక్యము ఒక్కటే, అర్థము మాత్రము వాక్యములో లేదు, డిస్కులో నున్నది. ఆజ్ఞ నిచ్చువాడు డిస్కులో నున్నదనుకొనునది యొకటి, ఉన్నది మఱొకటి యైనచో, యంత్రము తప్పుచేయకయే పని తప్పగును.

అర్ధవీడు వంటి ఒక మండల కేంద్రములోని ఉన్నత పాఠశాలను ఊహించుడు. పదవ తరగతి మార్కులు ఆరు ఫైళ్లలో నున్నవి: తెలుగు, హిందీ, ఆంగ్లము, గణితము, సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రము. వానిని ‘నిల్వ’ అను డైరెక్టరీలో చేర్చవలెనని ఒక ఉపాధ్యాయుడు ఒక్కొక్క ఫైలునకు ఒక్కొక్క ఆజ్ఞ చొప్పున ఆరు ఆజ్ఞల నిచ్చెను. ఆ డైరెక్టరీని చేయుట మఱచెను. మొదటి ఆజ్ఞతో ‘తెలుగు’ ఫైలునకు ‘నిల్వ’ అను పేరు వచ్చును. రెండవ ఆజ్ఞతో ‘హిందీ’ దాని స్థానమును ఆక్రమించును. తెలుగు మార్కులు పోయినవి. ఇట్లే వరుసగా జరిగి తుదకు ‘నిల్వ’ అను పేరుతో సాంఘికశాస్త్రపు మార్కులు మాత్రమే మిగులును. ఆరు ఆజ్ఞలలో ఒక్కదానికిని యంత్రము తప్పు చూపలేదు. ఐదు ఫైళ్లు నశించినవి. ఏడాది పొడుగున దిద్దిన పత్రముల ఫలితము అది. పిల్లల ఏడాది శ్రమయు అదియే.

ఇందొక వింత కలదు. ఆ ఉపాధ్యాయుడే ఆరు పేర్లను ఒకే ఆజ్ఞలో వ్రాసి చివర ‘నిల్వ’ అని చేర్చియున్నచో ఏ హానియు జరిగియుండదు. అనేక ఫైళ్లను ఒక్క పేరుగా మార్చుట అసంభవము గనుక ‘నిల్వ డైరెక్టరీ కాదు’ అని యంత్రము ఆగిపోవును. అనగా జాగ్రత్తగా ఒక్కొక్కటిగా చేసినవాడు నష్టపడును, ఒక్కుమ్మడిగా చేసినవాడు బ్రదుకును. జాగ్రత్తపరుని శిక్షించు పనిముట్టును మంచి పనిముట్టు అనుటకు వీలులేదు.

నక్షత్రపు గుర్తుతోను ఇట్టి చిక్కే కలదు. ఆ గుర్తును వ్రాసినచో, ‘ఎంవి’ చేతికి అందకముందే షెల్ అను మధ్యవర్తి దానిని తీసివేసి, డైరెక్టరీలోని పేర్లన్నిటిని అక్షరక్రమమున ఆ స్థానమున వ్రాయును. గమ్యమును వ్రాయుట మఱచి ‘ఎంవి’ తరువాత నక్షత్రమును మాత్రము వ్రాసినవాని గతి యేమి? ఆ డైరెక్టరీలో సరిగా రెండే ఫైళ్లున్నచో మొదటిది రెండవదానిని తుడిచి దాని పేరు ధరించును. మూడు ఫైళ్లున్నచో తప్పు అని చెప్పి ఆగును. ప్రమాదము ఫైళ్ల లెక్కపై ఆధారపడుట విచిత్రము కదా!

మూడవ దోషము: కనబడని పొలిమేర

పేరు మార్చుట, తరలించుట అను రెండు పనులును పట్టికలో వ్రాతయే యని పైన చెప్పబడెను. ఇది ఒకే డిస్కు భాగమునకు లోబడినంత వఱకే సత్యము. ఐనోడ్ సంఖ్యలు ఆ భాగమునకు సొంతము. పొలిమేర దాటినచో వానికి విలువ లేదు. పెన్‌డ్రైవులోనికి తరలింపుమన్నపుడు ‘ఎంవి’ వేఱొక పని చేయును: ఫైలునంతను నకలు వ్రాసి, పిదప అసలును తొలగించును. జిల్లా మారినపుడు ఊరు కదలదు గాని, ఊరి దస్త్రములు ఒక కచేరీనుండి మఱొక కచేరీకి బండికెక్కి పోవలెను. త్రోవలో వానికి వాన తగులవచ్చును.

ఇచ్చట వాన యనదగినది ఒకటి కలదు. యంత్రము వేగముకొఱకు నకలును మొదట తన తాత్కాలిక స్మృతిలో నుంచుకొని, పెన్‌డ్రైవుపై తీరికగా వ్రాయును. ఈలోగా అసలు తొలగింపబడును. ఆజ్ఞ ముగిసినట్లు కనబడును. అప్పుడే పెన్‌డ్రైవును లాగినవానికి అసలును లేదు, నకలును పూర్తిగా లేదు. మార్కుల ఫైళ్లను పెన్‌డ్రైవుపై వేసికొని బస్సు అందుకొనుటకు పరుగెత్తు ఉపాధ్యాయునికి ఇది వట్టి ఊహాప్రమాదము కాదు. క్షణములో ముగియు పనియు, నిమిషములు పట్టు పనియు, ఎన్నటికిని చెడని పనియు, నడుమ చెడగల పనియు ఒకే రెండక్షరముల పేరుతో చెలామణి యగుచున్నవి. పొలిమేర దాటుచున్నానని ఆజ్ఞ తనంతట తాను చెప్పదు.

తెలుగు పేర్ల సంగతి

ఫైళ్లకు తెలుగులో పేరుపెట్టుట నేడు సాధ్యము, ఉచితము. దీనికి జంకనక్కఱలేదు, రెండు మూడు సంగతులెఱిగిన చాలును. సాధారణముగా లినక్స్ డిస్కులలో ఒక పేరునకు 255 బైట్ల మితి కలదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతము ఒక్కొక్కటి మూడు బైట్లు తీసికొనును. అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు అన్నియు వేర్వేరు సంకేతములే. ‘అర్ధవీడు’ అను పేరులో కంటికి నాలుగక్షరములు. యంత్రమునకు ఎనిమిది సంకేతములు, 24 బైట్లు. ఈ లెక్కన ఒక పేరులో 85 సంకేతములకు మించి పట్టవు.

ఇక ‘ధ’కారమునకు బదులు ‘థ’కారము వ్రాసినచో యంత్రమునకు అది వేఱొక పేరు. అర్ధము, అర్థము అను పదముల తారుమారు తెలుగువారికి క్రొత్త కాదు. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో దిద్దు ఆ పొరపాటును యంత్రము దిద్దదు. ‘అర్ధవీడు’ అను డైరెక్టరీ యున్నను, ‘అర్థవీడు’ అని వ్రాసినవాని ఫైలు ఆ తప్పు పేరునే ధరించి బయటనే నిలుచును. కంటికి ఆనని భేదమును కలదు. ‘ఫైలు’ అను మాటలోని ఐత్వమును ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వపు గుర్తును, దాని క్రిందిభాగపు గుర్తును రెండు సంకేతములుగా చేర్చియు వ్రాయవచ్చును. యూనికోడ్ నియమము ప్రకారము రెండును సమానములే. కాని సాధారణముగా లినక్స్ డిస్కులు బైట్లనే పోల్చును గనుక అవి రెండు వేర్వేరు పేర్లగును. పేర్ల నడుమ ఖాళీ యున్నచో, ‘పదవ తరగతి మార్కులు’ అను దానిని షెల్ మూడు పేర్లుగా చదువును. కొటేషను గుర్తుల నడుమ వ్రాసిననే అది ఒక్క పేరు. ఈ నియమములలో కొన్ని షెల్‌వి, కొన్ని డిస్కువి. ‘ఎంవి’ తప్పులు కావు. కాని ఎదురుగానున్న పేరును అడుగక తుడుచు ఆజ్ఞ చేతిలో ప్రతి చిన్న పొరపాటును పెద్దదగును.

పరిహారములు, వాని కొఱత

దోషములకు మందులు లేకపోలేదు. ఆజ్ఞతో ‘-ఐ’ అని చేర్చినచో తుడుచుటకు ముందు ప్రశ్న వేయును. నేటి లినక్స్ కూర్పులలో ‘-ఎన్’ అని చేర్చినచో ఉన్నదానిని తుడువనే తుడువదు. ‘-బి’ అని చేర్చినచో పాతదానిని వేఱొక పేరుతో దాచును. ‘-వి’ అని చేర్చినచో చేసిన పనిని పలుకును. ఫైలును డైరెక్టరీలోనికి తరలించునపుడు గమ్యము చివర ఏటవాలు గీత వ్రాయుట అన్నింటికంటె చౌకయైన మందు. ‘నిల్వ/’ అని వ్రాసినచో, అట్టి డైరెక్టరీ లేనియెడల యంత్రము ఆగిపోవును. పైన చెప్పిన ఆరు ఆజ్ఞలలోను ఆ ఒక్క గీత యున్నచో మొదటి ఆజ్ఞయే నిలిచిపోయి, ఐదు ఫైళ్లు దక్కియుండును. పెన్‌డ్రైవు విషయములో నకలు చేసి, సరిచూచి, పెన్‌డ్రైవును క్రమముగా విడిపించి, పిదప అసలును తొలగించుట మేలు.

కొందఱు ‘ఎంవి’ అనగానే ‘-ఐ’ తనంతట చేరునట్లు తమ యంత్రమును దిద్దుకొందురు. ఇందు సౌకర్యము కలదు గాని శిక్షణ లేదు. ప్రశ్నకు అలవాటుపడినవాడు, ఆ దిద్దుబాటు లేని వేఱొక యంత్రముపై కూర్చున్న దినమున, రాని ప్రశ్నకై ఎదురుచూచుచుండగనే ఫైలు పోవును. రక్షణ కోరినవాడే రక్షణను వ్రాయవలెనన్నది ఈ ఆజ్ఞయొక్క నీతి. క్రొత్తవానికి రక్షణ అవసరమనియే తెలియదు గదా! ఇదియే పరిహారములలోని కొఱత.

తీర్పు

మొత్తముమీద ‘ఎంవి’ లోపలినుండి చూచినచో మేలైన నిర్మాణము. బయటినుండి చూచినచో మొఱటు పనిముట్టు. పేరు వేఱు, వస్తువు వేఱు అను సూక్ష్మమును ఇంత పొదుపుగా అమలుపఱచిన ఆజ్ఞలు అరుదు. అయినను తరలింపునకు ఒక మాట, పేరు మార్పునకు ఒక మాట ఉండియుండవలెను. తుడుపు అడుగక జరుగరాదు. పొలిమేర దాటినపుడు చెప్పవలెను. ప్రపంచమంతట వ్రాయబడియున్న అసంఖ్యాకములైన ప్రోగ్రాములు దీని పాత నడతనే నమ్ముకొనియున్నవి గనుక ఆజ్ఞ ఇపుడు మారుట కష్టము. మారదగినది బోధన.

‘ఎంవి అనగా తరలించుట’ అని ఒక్క పంక్తిలో నేర్పి ఊరకుండుట చాలదు. డైరెక్టరీ పట్టిక యనియు, పేరు ఆ పట్టికలోని వ్రాత యనియు, ఆ వ్రాతను మార్చునపుడు క్రిందనున్న పాత వ్రాత పోవుననియు మొదటి పాఠముననే చెప్పవలెను. ఐనోడ్ సంఖ్యను చూపు ప్రయోగమును, పనికిరాని ఫైళ్లతో ఆరు ఆజ్ఞల ప్రమాదమును తరగతిలోనే చేయించవలెను. మార్కాపురపు పలకపై తుడిచిన లెక్కను పిల్లవాడు మరల వేయగలడు. పదవ తరగతి మార్కులను అట్లు వేయుటకు వీలులేదు.